కెరటం పట్టే పని

తెల్లవారుతుండగా మొగలిపేట ఒడ్డున పడవలు దించుతారు. మగాళ్లు పడవకు అటూ ఇటూ భుజాలు ఆనించి ఇసుక మీద తోస్తారు. ఆడవాళ్లు అన్నం క్యారేజీలు, నీళ్ల డబ్బాలు అందిస్తారు. పెద్దతల్లి కుచ్చిళ్లు ఎగదోపుకుని చీలమండల లోతు నీళ్లలోకి దిగి కెరటాన్ని పడుతుంది.

అది ఆమె పని. ఆమెకు ముందు ఆమె అత్త అమ్ములుది. అమ్ములుకు ముందు మరో ముసలామెది. ఆ రేవులో కెరటాలు ఒడ్డుకు మరీ దగ్గరగా లేచి విరుగుతాయి. వాటిలో పెద్దదాన్ని ఎవరో ఒకరు నిలబెట్టకపోతే పడవ దాటదు. పెద్దతల్లి పట్టిందంటే ఆ కెరటం విరగబోతూ ఆగిపోతుంది, దండెం మీద ఆరేసిన ఆకుపచ్చ చీరలాగ. ఎండ పడితే లోపల తిరిగే నెత్తళ్ల చేపలు కూడా కనబడతాయి. పడవ దాని భుజం మీదుగా ఎక్కి అవతలికి జారుతుంది. అప్పుడామె వదిలేస్తుంది. కెరటం విరిగి, నురగ ఆమె పాదాల దాకా వచ్చి వెనక్కి పోతుంది. తర్వాత ఇంకో పడవ వంతు. వేట నుంచి తిరిగొచ్చాక ప్రతి పడవా ఆమె గంపలో దోసెడు చేప వేస్తుంది. దాన్ని కెరటం వాటా అంటారు. మత్స్యశాఖ వాళ్లు ఒకసారి వచ్చి ఇదంతా చూసి, లైఫ్ జాకెట్లు పంచి, తప్పకుండా వేసుకోమని చెప్పి వెళ్లారు.

ఈ మధ్య కెరటం జారుతోంది. మొదట్లో ఆఖరి పడవకు మాత్రమే జారేది. తర్వాత మధ్యలో జారసాగింది. శివరాత్రి వెళ్లిన వారం ఒకనాడు, కొండబాబు పడవ కెరటం మీదికి ఎక్కుతుండగా పెద్దతల్లికి దగ్గు వచ్చింది. కెరటం ఒక్కసారిగా విరిగింది. పడవ పక్కకు ఒరిగిపోయింది. కొండబాబు తమ్ముడి నోరు అంచుకు కొట్టుకుని ముందు పన్ను ఊడింది. వల సగం నీళ్లపాలైంది.

కొండబాబు ఒడ్డుకు ఈది వచ్చి, తల మీది నీళ్లు దులుపుకుంటూ అన్నాడు. "ఏటత్తా, కెరటం పట్టమంటే ఆవులిత్తన్నావా?"

పెద్దతల్లి నీళ్లలోంచి ఒడ్డెక్కింది.

ఆ సాయంత్రం అతను ఊరి పెద్దలను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు. పొద్దుటి మాట తీరు లేదు. మెత్తగా మాట్లాడాడు. ఆ మెత్తదనమే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

"నీకు ఓపిక తగ్గిపోనాదత్తా. తప్పేటి నేదు. ఏట నిషేధం దాకా మేం పక్క రేవు నుంచి ఎల్తాం. జూన్లో ఏట తెరిసిన రోజున ఒకపాలి సూద్దాం. నువ్వు నిలబెడితే నువ్వే. నేదంటే మీ కోడల్ని నిలబెట్టు. అదీ కాదంటే పడవలన్నీ అటే తీసుకుపోతాం."

కోడలు భాగ్యశ్రీ చంటిపిల్లకు పాలిస్తూ గుమ్మంలో కూర్చుంది. ఆ మాటకు తలెత్తి వెంటనే దించుకుంది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఆమెను ఒకసారి నీళ్లలో నిలబెట్టింది. కెరటం ఆమె వైపు చూడను కూడా చూడలేదు.

పడవలు పోతే ఊళ్లో ఏముంటుంది? మొగలి పొదలు, ఎండ్రకాయలు. పెద్దతల్లి మొగుడు పోలారావు వేటకు పోవడం మానేసి వలలు బాగుచేస్తుంటాడు. చేతిలోని వల పక్కన పెట్టేశాడు.

కెరటం ఎందుకు జారుతోందో పెద్దతల్లికి తెలుసు. దగ్గితే, తుమ్మితే, గంప ఎత్తితే, గట్టిగా నవ్వితే తనకు కూడా అలాగే జారుతోంది. మొదట చుక్క. తర్వాత చెంచాడు. ఇప్పుడు పాత చీర ముక్క మడిచి పెట్టుకోకుండా గడప దాటడం లేదు. ఊళ్లో ఒక్కరికీ తెలియదు. చేపలమ్మే ఆడదాని చీర తడిగా ఉంటే ఎందుకని అడిగేవాళ్లు లేరు. సముద్రం నీళ్లు, ఐసు నీళ్లు, గంపలోంచి కారే నీళ్లు, వాటిలో ఇదీ కలిసిపోయింది.

ఎవరికైనా చెబుదామంటే భయం. ఊరూరా కిడ్నీ రోగులున్న ఈ ఉద్దానం ప్రాంతంలో ఒంటికి పోయే సంగతి ఎత్తితే చాలు, ఎదుటివాళ్ల ముఖం మారిపోతుంది. కిడ్నీ అంటారు. పోలారావు అన్న ఆ రోగంతోనే పోయాడు. కాళ్లు వాచి, ముఖం వాచి, ఆసుపత్రికి తిరిగి తిరిగి పోయాడు. తనకూ అదే వచ్చిందని పెద్దతల్లి లోలోపల నమ్మేసింది. నమ్మి, తనకు తోచిన మందు తానే వేసుకుంది. నీళ్లు మానేసింది. పొద్దున్న టీ లేదు. గంప ఖాళీ అయ్యేదాకా గుక్క నీళ్లు ముట్టదు. తాగకపోతే కారదు కదా అనుకుంది. ఏ రోగానికి భయపడి నోరు కట్టుకుందో, ఆ రోగానికే తలుపు తీస్తున్నానని ఆమెకు తట్టలేదు.

పెద్దలు వచ్చి వెళ్లిన కొద్ది రోజులకు, జీడితోటల నడుమ ఉన్న ఒక ఊళ్లో, పక్క రేవు నుంచి తెచ్చిన కానాగడత చేపలు తూచి ఇస్తూ ఎవరిదో అరుగు మీద పడిపోయింది. ఆ ఇంటివాళ్లు ముఖాన నీళ్లు కొట్టారు. తోడు వచ్చిన ముసలమ్మ, పేరుకు ముసలమ్మే గాని పెద్దతల్లి కంటే చిన్నది, పోలారావుకు ఫోను చేయించింది. పోలారావు ఆటోలో వచ్చి ఆమెను పలాస ఆసుపత్రికి తీసుకుపోయాడు. రక్తం తీశారు. ఫలితం వచ్చేదాకా అతను భుజం మీది తువ్వాలును మెలి పెడుతూనే ఉన్నాడు.

డాక్టరు కాగితం చూసి, "కిడ్నీలు బాగానే ఉన్నాయి," అన్నాడు. పోలారావు తువ్వాలు వదిలాడు. "కానీ ఈ ఎండల్లో నీళ్లు తాగకుండా తిరిగితే పాడవడానికి ఎంతసేపు? ఎందుకమ్మా తాగడం లేదు?"

పెద్దతల్లి గోడ వైపు చూసింది.

ఆ గదికి ఎదురుగా కీళ్లకు, కండరాలకు వ్యాయామం చేయించే గది ఉంది. అక్కడ ప్రమోదిని అనే అమ్మాయి ఒక తాత మోకాలు వంచుతోంది. టెక్కలి నుంచి రోజూ బస్సులో వస్తుంది. పెద్దతల్లి బల్ల మీద నుంచి లేవబోతూ, దగ్గబోతూ, గబుక్కున కాళ్లు మెలేసుకోవడం ఆమె చూసింది. తాతను కాసేపు ఆగమని ఇవతలికి వచ్చింది.

"మావయ్యా, మీరెళ్లి టీ తాగి రండి," అంది పోలారావుతో.

"నాను టీ తాగనమ్మా."

"అయితే ఎవరైనా తాగుతుంటే చూసి రండి."

పోలారావుకు అర్థం కాలేదు గాని వెళ్లాడు. ప్రమోదిని పెద్దతల్లిని లోపలికి తీసుకుపోయి తెర లాగింది.

"దగ్గే ముందు కాళ్లు మెలేసుకున్నారు. ఎన్నాళ్ల నుంచమ్మా?"

"ఏటి ఎన్నాళ్ల నుంచి? నాకేటీ నేదు."

"నీళ్లు మానేసింది కూడా అందుకేనా?"

పెద్దతల్లి గంప మీద ఈగను తోలినట్టు చెయ్యి విసిరింది. తర్వాత ఆ చేతితోనే కళ్లు తుడుచుకుంది.

"అది కిడ్నీ రోగం కాదమ్మా," అంది ప్రమోదిని. "పొత్తికడుపు అడుగున, ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, ఉయ్యాల కట్టినట్టు ఒక కండ ఉంటుంది. కాన్పులకీ బరువులకీ సాగుతుంది. వయసుకి నీరసిస్తుంది. రోజూ పని చెబితే మళ్లీ గట్టిపడుతుంది."

"ముసిల్దాన్ని. ఇంకేటి గట్టిపడతాది?"

"తెర అవతల ఆ తాత మోకాలు గట్టిపడటం లేదా? ఇదీ అంతే. బిగించి పట్టాలి, వదలాలి."

పెద్దతల్లికి పౌరుషం వచ్చింది. "పట్టడం నువ్వు నాకు నేర్పుతావా? నువ్వు పుట్టకముందు నుంచీ మొగలిపేట కెరటాన్ని పడతన్నాను నాను."

ప్రమోదిని తల ఊపింది. మొగలిపేట చేప తిన్న ఏ ఊరికైనా ఆ సంగతి తెలుసు. "ఎలా పడతారు? ఒకసారి చూపించండి."

పెద్దతల్లి లేచి నిలబడి చూపించింది. గట్టిగా గాలి పీల్చి బిగబట్టింది. భుజాలు పైకి లేచాయి. పొట్ట రాయిలా అయింది. మెడ నరాలు పొంగాయి.

"అయ్యో, వదిలేయండి. తప్పంతా ఇక్కడే ఉంది. మీరు పట్టడం లేదమ్మా, పైనుంచి కిందికి తోస్తున్నారు. అడుగు నీరసించిన సంచిని పైనుంచి నొక్కితే ఏమవుతుంది? వయసులో ఉండగా అలాగే చెల్లిపోయింది. ఇలా పట్టమని ఎవరు నేర్పారు?"

"మా అత్త. నేర్పనేదు, ఆవిడ పడతంటే ఎనకాల నిలబడి సూసినాను."

"ఏం కనబడింది?"

"ఈపు. బుజాలు."

"లోపల ఏం చేస్తున్నావని అడగలేదా?"

"అత్తని అలాటియ్యి అడుగుతారేటి?"

ప్రమోదిని కాస్త ఆలోచించి, గొంతు తగ్గించింది. "పదిమందిలో కూర్చున్నారనుకోండి. గాలి పోయేలా ఉంది. ఏం చేస్తారు?"

పెద్దతల్లికి నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కాళ్లు మెలేసుకుంది.

"అదే కండ. అక్కడ పట్టి, ముందుకీ పైకీ లాగండి. పొట్ట మెత్తగా ఉండాలి. తొడలు వదులుగా ఉండాలి. ఊపిరి ఆడుతూనే ఉండాలి. పట్టి ఉంచి మాట్లాడగలిగితే సరిగా పట్టినట్టు. తర్వాత పూర్తిగా వదిలేయాలి, వదలడం కూడా పనే. దగ్గొచ్చే ముందు, గంప ఎత్తే ముందు పట్టండి. ఒంటికి పోయేటప్పుడు మధ్యలో ఆపి చూడకండి, అది మంచిది కాదు. నీళ్లు మాత్రం మానొద్దు. మూడు నెలలు రోజూ చేస్తేనే గుణం తెలుస్తుంది. చేస్తున్నట్టు పక్కవాళ్లకి కూడా కనబడదు."

"కనబడకపోతే నాను సేసినానని నీకెలా తెలుత్తాది?"

"నాకు తెలియక్కర్లేదు."

ఇంటికి పోతుంటే పోలారావు అడిగాడు. "ఏటన్నాదే ఆ పిల్ల?"

"నీళ్లు తాగమన్నాది."

"అంతేనా? దానికి నన్ను బయటికి పంపాలేటి?"

పెద్దతల్లి అప్పటికే పట్టడం మొదలుపెట్టింది.

మొదట్లో ఏది పడుతోందో, ఏది ఊరికే ఉందో తెలిసేది కాదు. పట్టబోతే పొట్ట బిగిసేది. పొట్ట వదిలితే అన్నీ వదిలిపోయేవి. చేప పొలుసు గీస్తూ పట్టింది. పూండి దగ్గర రైలు గేటు పడితే, బండి వెళ్లేదాకా పట్టి వదులుతూ కూర్చుంది. నీళ్లు తాగసాగింది. తాగిన మొదటి వారం తడి ఇంకా ఎక్కువైంది. ఆ పిల్లను తిట్టుకుంది. తిట్టుకుంటూనే పట్టింది. మొండిది.

ఆ రోజుల్లో మొగలిపేట సముద్రం వేళాపాళా లేకుండా నత్తిగా కొట్టేది. లేచిన కెరటం ఒకటి కొంచెం ఆగి, తడబడి, విరిగేది. అప్పటికి వేట నిషేధం వచ్చింది. పడవలన్నీ ఒడ్డున బోర్లా పడి ఉన్నాయి. వలలు కుట్టుకునే మగాళ్లు ఆ చప్పుడుకు తలెత్తి చూసి, బేరానికి పోయిన పెద్దతల్లి అక్కణ్నుంచే కెరటం పట్టి చూస్తున్నట్టుంది అనుకుని మళ్లీ సూది అందుకునేవారు.

సముద్రం మీద వేట లేకపోయినా ఆడవాళ్లు బేరం మానలేదు. చెరువు చేప, ఎండు చేప వేసుకుని ఆటోలో కాశీబుగ్గ పోయేవారు. ఒకనాడు ముసలమ్మ ఆమె ముఖంలోకి వంగి చూసింది.

"ఏటొదినా, అలా గమ్మునుండిపోతన్నావు? ఎవురికో మొక్కుకుంతన్నావేటి?"

పెద్దతల్లి ఆటో చప్పుడులో కలిసిపోయేలా చెప్పింది. ముసలమ్మ వినీ వినగానే పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కాళ్లు మెలేసుకుంది.

పెద్దతల్లి చూసింది. "నీకూనా?"

"ఓలమ్మ, నాకెన్నేళ్లనుంచో! నా ఒక్కదాన్నే అనుకున్నాను." ముసలమ్మ వెనక్కి తిరిగి, గంపల మధ్య ఇరుక్కుని కూర్చున్నవాళ్లను చూసి కేకేసింది. "ఒలే, నవ్వితే జారిపోయేవోళ్లు ఎవరే ఇందులో?"

ముందు ఒక చెయ్యి లేచింది. తర్వాత దాదాపు అన్నీ లేచాయి.

ఆ రోజు నుంచి ఆటోలో పోట్లాటలు తగ్గాయి. ఉన్నట్టుండి అందరూ కలిసి గమ్మున ఊరుకునేవారు, కలిసి ఉస్సురని వదిలేవారు. ఆటో నడిపే యువరాజు అద్దంలో చూసి, తన డ్రైవింగుకు భయపడుతున్నారనుకుని నెమ్మదిగా పోనివ్వడం నేర్చుకున్నాడు. వాళ్లంతా కలిసి పట్టినప్పుడు ఒడ్డు పొడుగునా ఒక్క క్షణం సముద్రం చప్పుడు ఆగేది. పాకల్లో పడుకున్న కుక్కలు లేచి చూసేవి.

జూన్లో వేట తెరిచారు. ఆ పొద్దున సముద్రం మంచిగా లేదు. నైరుతి గాలికి నల్లగా పొంగుతోంది. పడవలకు పసుపు రాసి, గంగమ్మకు కొబ్బరికాయలు కొట్టారు. ఊరంతా ఒడ్డునే ఉంది. కెరటం నిలబడకపోతే పడవలు అటునుంచి అటే పక్క రేవుకు లాక్కుపోవడానికి ట్రాక్టరు కూడా తెచ్చి పెట్టారు. పెద్దతల్లి ట్రాక్టరును చూసింది. చెంబుతో నీళ్లు తాగింది. కుచ్చిళ్లు దోపుకుని దిగింది.

పెద్ద కెరటం లేచింది. ఆమె భుజాలు లేవలేదు. ఆమె ఏదీ చేసినట్టే కనబడలేదు. కెరటం తల వంచబోయి ఆగింది. మొదటి పడవ ఎక్కి దాటింది. ఆమె వదిలింది. రెండోది దాటింది. ఒడ్డున ఎవరూ అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. పని జరుగుతుంటే మాట్లాడరు.

ఆఖరున కొండబాబు పడవ. తమ్ముడు ముందు కూర్చున్నాడు, ఇంజిను దగ్గర కొండబాబు. పడవ సరిగ్గా కెరటం అడుగుకు చేరేసరికి ఇంజిను దగ్గి ఆగిపోయింది. కొండబాబు తాడు లాగాడు. పలకలేదు. మళ్లీ లాగాడు. వాళ్ల నెత్తి మీద ఇంటెత్తు నీళ్లు నిలబడి ఉన్నాయి. తమ్ముడు పైకి చూసి రెండు చేతులతో తల కప్పుకున్నాడు.

ఒక పడవ దాటేంతసేపే కెరటాన్ని పట్టడం ఆనవాయితీ. అమ్ములు కూడా అంతకు మించి పట్టలేదు. పాత పద్ధతిలో అయితే పెద్దతల్లికి ఈపాటికి ఊపిరి అయిపోయేది.

"వదలకే! వదలకే!" అని పోలారావు అరిచాడు.

"వదల్ను గాని, నువ్వు అరవకు," అంది పెద్దతల్లి.

కెరటం పట్టిన మనిషి మాట్లాడటం మొగలిపేటలో ఎవరూ వినలేదు. ఒడ్డంతా ఆమె వైపు తిరిగింది.

"ఒరే కొండబాబూ!" ఆమె గొంతు బేరం చేసేటప్పటిలాగే ఉంది. "తాడు తరవాత లాగుదువు గాని. ఆయిలు తెరిసినావా?"

కొండబాబు చెయ్యి గాల్లో ఆగిపోయింది. నిషేధం మొదటి రోజున ఆయిలు కుళాయి తనే కట్టేశాడు. ఇందాకటి దాకా ఇంజిను ఆడింది గొట్టంలో మిగిలిన చుక్కలతోనే. వంగి కుళాయి తిప్పుతుండగా పెద్దతల్లికి గొంతులో దురద పుట్టింది.

దగ్గు. అదే దగ్గు. అది రాబోతోందని ఆమెకు ముందే తెలిసింది. ఇంకాస్త పైకి లాగి పట్టింది. తర్వాత దగ్గింది, ఒంగి, గట్టిగా.

కెరటం పైఅంచు వణికింది. కొండబాబు నెత్తి మీద నాలుగు చుక్కలు రాలాయి. అంతే.

ఇంజిను అందుకుంది. పడవ కెరటం భుజం మీదుగా ఎక్కి, అవతలికి జారి, చిన్నదైపోయింది. ఆమె మెల్లగా, పూర్తిగా వదిలింది. కెరటం విరిగిన చప్పుడుకు ఒడ్డు అదిరింది. ట్రాక్టరు తెచ్చినవాడు దాన్ని వెనక్కి తిప్పుకుని పోయాడు.

పెద్దతల్లి ఇసుక మీదికి వచ్చి ముసలమ్మ చేతిలోని నీళ్ల డబ్బా అందుకుని, అందరి ముందూ, గటగటా సగం తాగేసింది. ఆమె చీర మడమల దగ్గర తప్ప ఎక్కడా తడవలేదు.

మధ్యాహ్నం పడవలు తిరిగొచ్చాయి. కొండబాబు ఆమె గంప దగ్గరికి వచ్చి దోసెడు చేప వేశాడు. నిలబడి, ఇంకో దోసెడు వేశాడు.

"ఎక్కువేసినావు, తీసుకెల్లు," అంది పెద్దతల్లి. "కెరటం వాటా ఒక దోసెడే."

"రెండో దోసెడు తమ్ముడిదత్తా," అని అతను వెళ్లిపోయాడు.

ఎండ తగ్గాక భాగ్యశ్రీ చంటిపిల్లను చంకనేసుకుని అత్త పక్కన వచ్చి కూర్చుంది. నెమ్మదిగా అంది. "పొద్దున్న మీ ఎనకాలే నిలబడి సూసినానత్తా."

"ఏటి కనబడింది?"

"ఏటీ కనబడనేదు."

పెద్దతల్లి చేతులకు అంటిన పొలుసులు ఇసుకలో రుద్దుకుంది. అటూ ఇటూ చూసింది. ఎవరైనా వింటారేమోనని చూసే పాత అలవాటు. తర్వాత ఆ అలవాటును కూడా వదిలేసి, కోడలి చేతిలోని పిల్లను తన ఒళ్లోకి తీసుకుంది.

"దగ్గరికి రా. పిల్ల పుట్టినకాడి నుంచి తుమ్మితే నీకేటవుతాదో ముందు అది సెప్పు. తరవాత నాను సెప్తాను."

భాగ్యశ్రీ ముఖం ఎర్రబడింది. సముద్రం వైపు తిరిగి, చెప్పడం మొదలుపెట్టింది. ఎదురుగా ఒక చిన్న కెరటం లేచి, వినడానికన్నట్టు, విరగకుండా కాసేపు ఆగింది.